ప్రశ్నలడిగే ఈడు

సిరిసిల్ల సాంచాల్లో, అంటే మరమగ్గాల్లో, భీవండి నుంచి వచ్చినవి ఎన్నో. అక్కడ పనిచేసి పాతబడ్డవాటిని కొనుక్కొచ్చి ఇక్కడ బిగించారు. ఏళ్లు గడిచేకొద్దీ మోటారు మారుతుంది, నాడె మారుతుంది, అరిగిన పళ్లచక్రాలు మారతాయి. చివరికి మొదటి ముక్క ఒక్కటీ మిగలదు. అయినా ఇంటివాళ్లు దాన్ని ‘మా తాత కొన్న సాంచ’ అనే అంటారు. మరి అది తాత కొన్నదేనా? కాదంటే, ఏ ముక్క తీసిన రోజున కాకుండా పోయింది?

గ్రీకులు ఇదే ప్రశ్నను థీసియస్ ఓడ మీద వేశారు. బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళిందుడనే రాజుకు రథం చూపించి, ఇరుసు రథమా, చక్రం రథమా అని నిలదీశాడు. సిరిసిల్లలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఓడా అక్కర్లేదు, రథమూ అక్కర్లేదు. ఇంట్లో సాంచ ఉంది. లేనిది ఒక్కటే: ఆ ప్రశ్నను వాళ్ల ముందు పెట్టి, జవాబు చెప్పకుండా ఓపిగ్గా వినే పెద్దమనిషి.

మన పదో తరగతిలో తత్వశాస్త్రమనే సబ్జెక్టు లేదు. తత్వశాస్త్ర శాఖలు ఉస్మానియాలోనూ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఉన్నాయి. ఎంఏ దాకా చదివి, అటువైపు వెళ్లిన కొద్దిమందికే వాటితో పరిచయం. కానీ మనిషికి ఇలాంటి ప్రశ్నలు ముమ్మరంగా పుట్టేది పద్నాలుగు, పదిహేనేళ్లకు. విశ్వవిద్యాలయమే బస్సెక్కి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడులకు రావాలని, వచ్చి గుండ్రంగా కూర్చోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఈ నేలకు ప్రశ్న అడగడం కొత్తేమీ కాదు. పాళీ గ్రంథం సుత్తనిపాతంలోని పారాయణ వగ్గంలో బావరి అనే గురువు కథ ఉంది. గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యంలో ఆయన ఆశ్రమం. జగిత్యాల జిల్లాకు ఆవలి ఒడ్డున, నిర్మల్ జిల్లాలో ఉన్న బాదనకుర్తే ఆ చోటని తెలంగాణ చరిత్రకారుల్లో పలువురు చెబుతారు. ఉన్నదంతా దానం చేసేసిన బావరి దగ్గరికి ఒకడు వచ్చి ఐదు వందలు అడుగుతాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. బావరి బెదిరిపోతాడు. అసలు తలంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో తనకు తెలియదని ఒప్పుకుని, పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపిస్తాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా మగధ దాకా నడిచారు. తల అంటే అజ్ఞానమని, దాన్ని పగలగొట్టేది జ్ఞానమని బుద్ధుడు చెప్పాడు. అంతటితో సరిపెట్టుకోకుండా పదహారు మందీ ఒక్కొక్కరుగా తమ సొంత ప్రశ్నలు అడిగారు. ఎవరి ప్రశ్న వారి పేరుతోనే గ్రంథంలో నిలిచింది. నాకు తెలియదు, వెళ్లి అడిగి రండి అని శిష్యులను పంపిన గురువు మన గోదావరి ఒడ్డువాడన్న సంగతి ఇక్కడి పిల్లల్లో ఎందరికి తెలుసు?

ప్రశ్న అక్కడితో ఆగలేదు. వేములవాడ చాళుక్యుల నీడలో ఉన్న జైన పండితుడు సోమదేవసూరి 959లో ముగించిన ‘యశస్తిలకం’లో సాంఖ్యులు, మీమాంసకులు, బౌద్ధులు, చార్వాకులు అందరి వాదాలూ చర్చకు వస్తాయి. వేములవాడ ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనే ఉంది. అదే జిల్లా హనుమాజీపేటలో 1931లో పుట్టి, సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమంలో చదివిన కవి సి.నారాయణరెడ్డి మనిషినే నాయకుడిగా చేసి ‘విశ్వంభర’ కావ్యం రాశారు.

బడిపిల్లలతో ఈ పని చేసి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అనే కొలంబియా ఆచార్యుడికి ఒక దిగులు పట్టుకుంది. తర్కించడం కాలేజీకి వచ్చాక నేర్పితే ఆలస్యమైపోయినట్టేనని ఆయనకు తోచింది. పిల్లల కోసం ఒక నవల రాసి, 1974లో మాంట్‌క్లెయిర్‌లో సంస్థ పెట్టాడు. ఆయన పద్ధతి చాలా తేలిక. పిల్లలు వంతులవారీగా ఒక పేజీ పైకి చదవాలి. వచ్చిన ప్రశ్నలన్నీ బోర్డు మీద రాయాలి, పక్కన అడిగిన పిల్ల పేరు ఉండాలి. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో వాళ్లే తేల్చుకోవాలి. కొలంబియాలోనే 2009 నుంచి, పేద కుటుంబాల హైస్కూలు పిల్లలు వేసవిలో విశ్వవిద్యాలయానికి వచ్చి ప్లేటో, అరిస్టాటిల్‌లను ఆచార్యులతో కూర్చుని చదువుతున్నారు. ఆ కార్యక్రమంతో ముడిపడిన రూజ్‌వెల్ట్ మోంటాస్ డొమినికన్ రిపబ్లిక్ నుంచి కుర్రాడిగా వలస వచ్చినవాడు. పక్కింటివాళ్లు పారేసిన పుస్తకాల్లో దొరికిన ప్లేటో సంభాషణలే ఆయన్ని ఇటు తిప్పాయి.

ఇక్కడ నాలుగు మార్కులు ముఖ్యం, తత్వం తిండి పెడుతుందా అని అడిగేవాళ్లుంటారు. ఆ మాట నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే అది ఎప్పుడూ పేదపిల్లల గురించే అంటారు. ఫ్రాన్సులో బడి చివరి ఏడాది పిల్లల్లో చాలామంది తత్వశాస్త్రంలో నాలుగు గంటల పరీక్ష రాస్తారు, అది వాళ్లకు తిండి పెడుతుందా అని ఎవరూ అడగరు. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి కూతురికి, గల్ఫ్‌లో ఉన్న తండ్రి కొడుక్కి ఆలోచించాల్సినవి తక్కువున్నాయా? ‘మా బాపు దుబాయ్ పోయిండు. ఎవ్వలు పొమ్మనలే, అప్పు పొమ్మన్నది. గట్లయితే ఆయన ఇష్టంతోని పోయినట్టా, కాదా?’ ఇచ్ఛాస్వాతంత్ర్యం మీద దీనికంటే సూటి ప్రశ్న ఏ ఆచార్యుడు వేయగలడు? అప్పులకు తాళలేక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న ఊరు సిరిసిల్ల. నుదుటి రాత అనే మాటను అక్కడి పిల్లలు ఊరికే వినరు. రాత నిజమైతే తప్పు ఎవరిది, అబద్ధమైతే తప్పు ఎవరిది అని నలుగురిలో, భయం లేకుండా మాట్లాడుకునే చోటు వాళ్లకు కావాలి.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఇది నీతిపాఠమైతే చెడిపోతుంది. ముందే ఖాయం చేసిన జవాబు వైపు పిల్లలను తోలుకుపోవడానికి సెమినార్ అక్కర్లేదు, ఉపన్యాసం చాలు. ప్రాచీన తర్కగ్రంథం న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీసింది: నిజం కోసం చేసే వాదం, గెలుపు కోసం చేసే జల్పం, తనకంటూ నిలబడే మాట లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టే వితండం. మొదటి వారం ఈ మూడే నేర్పినా, ఫోన్లలో రోజూ జరిగే గొడవలను పిల్లలు వేరే కంటితో చూస్తారు. చార్వాకుడికీ శంకరుడికీ ఒకే పీట వేయాలి. చర్చ పిల్లల మాటల్లోనే, బోర్డు మీది ప్రశ్న వాళ్లు అడిగిన యాసలోనే ఉండాలి.

దీనికి పెద్ద పథకం అక్కర్లేదు. కరీంనగర్‌లో 2008లో మొదలైన శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి నుంచి సిరిసిల్లకు, జగిత్యాలకు బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. హైదరాబాద్ తత్వశాస్త్ర శాఖల నుంచి ఒక ఆచార్యుడు ఏడాదికి నాలుగుసార్లు వచ్చి దారి చూపిస్తే, నెలకు రెండు శనివారాలు శాతవాహన పీజీ విద్యార్థులే నడపగలరు. ఆ పనికి వాళ్లకు క్రెడిట్లు ఇవ్వాలి, బస్సు చార్జీలు ఇవ్వాలి. బడి తరఫున ఒక తెలుగు సారో, సోషల్ టీచరో పక్కన కూర్చోవాలి, విశ్వవిద్యాలయం వాళ్లు రాని వారం నడిపేది వాళ్లే కాబట్టి. మార్చిలో పరీక్షలు కనుక పదో తరగతిని వదిలి, ఎనిమిది, తొమ్మిది తరగతులతో జూన్‌లోనే మొదలుపెట్టాలి.