పోయిన కొలువుకు పైసలా, కొలువేనా?

2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. గడువులోగా డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. దేవరకొండ, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల డిపోలు సహా రాష్ట్రమంతటా సుమారు 48 వేల కుటుంబాలు ఆ ఒక్క మాటతో తల్లడిల్లాయి. నిజానికి ‘సెల్ఫ్ డిస్మిస్’ అనేది ఏ కార్మిక చట్టంలోనూ లేదు. పర్మినెంట్ కార్మికుణ్ని తీసేయాలంటే చార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి. చివరికి నవంబర్ 29న అందరూ మళ్లీ డ్యూటీ ఎక్కారు. సమ్మె కాలపు జీతం కూడా ఇస్తామని డిసెంబర్ 1న సర్కారు చెప్పింది.

మంది బలం ఉన్నచోట అలా జరిగింది. ఒంటరిగా వేటు పడ్డ కండక్టర్‌కు మిగిలేది కోర్టు దారే. తొవ్వలో చెకింగ్ అవుతుంది, టికెట్ లేని ప్రయాణికుడు దొరుకుతాడు. సస్పెన్షన్, చార్జిషీటు, ఆఖరికి రిమూవల్. ఒకప్పుడు ఇలాంటి వివాదాన్ని ప్రభుత్వం పంపితేనే లేబర్ కోర్టు వినేది. 1987లో ఉమ్మడి రాష్ట్రం పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, కార్మికుడే నేరుగా కోర్టుకెళ్లే వీలు కల్పించింది. పేదవాడికి అది చాలా పెద్ద మేలు. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో వివాదం లేవనెత్తడానికి గడువు రెండేళ్లే. ఆలస్యం చేస్తే హక్కే పోతుంది.

గెలిచిన తీర్పునూ జాగ్రత్తగా చదువుకోవాలి. ఉద్యోగంలోకి తీసుకోవడం, సర్వీసు కొనసాగింపు, వెనక జీతం, ఈ మూడూ వేరువేరు. ‘కొనసాగింపుతో, వెనక జీతం లేకుండా’ అని రాస్తే, బయట ఉన్న ఏండ్ల ఇంక్రిమెంట్లు వాటంతటవే రావని 2003లో ఏపీఎస్‌ఆర్టీసీ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. అవి కావాలంటే తీర్పులో విడిగా రాయించుకోవాలి. తొలగింపు అక్రమమైతే వెనక జీతం ఇవ్వడమే మామూలు పద్ధతని 2013లో దీపాలీ సుర్వసే కేసులో అదే కోర్టు చెప్పింది. అయితే ఆ కాలంలో తనకు వేరే సంపాదన లేదని కార్మికుడు ముందుగా చెప్పాలి. టికెట్ డబ్బు కాజేసినట్టు రుజువైతే మాత్రం, మొత్తం చిన్నదైనా కోర్టులు కనికరించడం అరుదు.

దినకూలీల సంగతి వేరు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ని తీసేయాలంటే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. అవి ఇవ్వకుండా తీసేసినా, కొలువు బదులు పైసలు చాలన్న ధోరణి 2000 తర్వాత బలపడింది. 2009లో జగ్బీర్ సింగ్ కేసులో 50 వేలు, 2014లో భురుమల్ కేసులో 3 లక్షలు ఇచ్చారు. ఇది నాకు న్యాయంగా తోచదు. చట్టాన్ని మీరినవాడు కొంత సొమ్ము కట్టి ఒడ్డున పడతాడు, ఏండ్ల తరబడి పనిచేసినవాడు మళ్లీ అడ్డా మీద నిలబడతాడు. వానమీద బతికే పాలమూరు ఊళ్లలో నెలజీతం ఒక్కటే బ్యాంకు అప్పుకూ, పిల్లల చదువుకూ ఆధారం.

అందుకే పర్మినెంట్ కార్మికుడు రాజీకి సంతకం పెట్టేముందు లెక్క వేసుకోవాలి. ఎనిమిదేండ్ల సర్వీసుతో పైసలు తీసుకుని బయటికొస్తే, మరో పీఎఫ్ కొలువు దొరక్కపోతే, నెలవారీ పెన్షన్‌కు కావాల్సిన పదేండ్లు నిండవు. యాజమాన్యం హైకోర్టుకు పోతుందన్న భయంతో రాజీపడేవాళ్లూ ఉన్నారు. తిరిగి తీసుకోమన్న తీర్పుపై యాజమాన్యం పైకోర్టుకెళ్తే, అక్కడ కేసు నడిచినన్నాళ్లూ కార్మికుడికి చివరగా అందుకున్న జీతం చెల్లించాలి. పాత చట్టంలో ఇది 17-బి సెక్షన్, కొత్త కోడ్‌లోనూ ఉంది. దానికి కార్మికుడు చేయాల్సింది, తనకు వేరే ఉద్యోగం లేదని కోర్టులో అఫిడవిట్ వేయడం.