ఒంట్లో ఉప్పు, నీరు తప్పితే... సెలైన్ బుడ్డి ఒక్కటే మందు కాదు

మిర్చి ఏరుళ్లు ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరే ఏప్రిల్ దాకా సాగుతాయి. నర్సంపేట, పరకాల వైపు ఏ చేను చూసినా పొద్దున దిగిన కూలీలు మధ్యాహ్నం దాకా నడుం ఎత్తరు. సాయంత్రానికి పిక్కలు గుంజుతున్నయ్, కళ్లు తిరుగుతున్నయ్ అంటూ మంచం ఎక్కుతారు. తెల్లారి ఊళ్లో డాక్టర్ దగ్గర ఒక సెలైన్ బుడ్డి ఎక్కించుకుంటారు. ఏరిన కూలి డబ్బులు దానికే పోతాయి.

ఆ బుడ్డిలో ఏముంటుందో రైతు సోదరులు తెలుసుకోవాలి. అరలీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. ‘గ్లూకోజు’ అని ఎక్కించే 5 శాతం బాటిల్ అరలీటరులో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. అంటే ఐదారు చెంచాల చక్కెరపాటి. నోటితో తాగగలిగిన మనిషికి ఇదే పని గిలాసతో అవుతుంది. తాగలేని వారికి, వాంతులు ఆగని వారికి, స్పృహ తప్పిన వారికి మాత్రం బుడ్డి ప్రాణం నిలుపుతుంది. అలాంటప్పుడు ఎక్కించాల్సింది ఆసుపత్రిలోనే.

వట్టి నీళ్లు చాలవు

చెమటతో నీరొక్కటే పోదు, ఉప్పు కూడా పోతుంది. దాన్నే డాక్టర్లు సోడియం అంటారు. విరేచనాల్లో సోడియంతో పాటు పొటాషియం కూడా పోతుంది. ఈ రెండూ తగ్గితే కండరాలు గుంజుతాయి, కాళ్లలో సత్తువ ఉండదు. పొటాషియం మరీ పడిపోతే గుండె కొట్టుకోవడమే గతి తప్పుతుంది. రోజంతా చెమటోడ్చి వట్టి నీళ్లే చెంబులకు చెంబులు తాగితే ఒంట్లో మిగిలిన ఉప్పు ఇంకా పలచనవుతుంది. బర్రె కుడితిలో ఉప్పు వేయడం మరిచిపోని మనం మన సంగతే మరుస్తాం. ఉప్పేసిన గంజి, పలచటి సల్ల, అంబలి, ఉప్పు కలిపిన నిమ్మరసం చేనుకు తీసుకుపోవాలి. దూప అయ్యేదాకా ఆగకుండా అరగంటకోసారి తాగాలి.

విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ 20.5 గ్రాములు ఉంటుంది. గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. మొత్తం ప్యాకెట్ ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి, వాటి మీద రాసినన్ని నీళ్లే పోయాలి. కాచి చల్లార్చిన నీళ్లు మేలు. కలిపాక మళ్లీ కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్లు ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రంలో ఉచితంగా ఇస్తారు. అందకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. రుచి చూస్తే కన్నీళ్లకన్నా ఉప్పగా ఉండకూడదు.

కొలత ఎందుకింత కచ్చితం అని అడగవచ్చు. మొక్క మొదట్లో యూరియా గుప్పెడు పోస్తే ఏమవుతుంది? వేరు నీళ్లు తీసుకోలేక మొక్క మాడుతుంది. పేగులో కూడా అంతే. చక్కెర ఎక్కువైతే అది ఒంట్లోని నీటినే పేగులోకి గుంజి విరేచనాలు పెంచుతుంది. తగు కొలతలో ఉంటే గ్లూకోజు ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్లే కలిపి తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి.

దుకాణాల్లో రంగు డబ్బాల తీపి నీళ్లు ఓఆర్‌ఎస్ పేరుతో చాలా ఏళ్లు అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టుబట్టి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పిల్లలకు కొనేటప్పుడు మందుల షాపులో అడిగి, పైన చెప్పిన పాళ్లు ప్యాకెట్ మీద ఉన్నాయో లేదో చదివించుకోండి.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు అంతకు రెట్టింపు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టాలి. తల్లిపాలు మాన్పించకూడదు. ఆశా ఇచ్చే జింక్ బిళ్లలు 14 రోజులు వేయాలి. విరేచనాలు ఆగినయ్ కదా అని మధ్యలో మానేస్తారు, అది తప్పు.

ముసలివారిలో మాట తడబడితే

మా మేనత్తకు డెబ్బై దాటింది. బీపీ బిళ్లలతో పాటు నీరు దిగే బిళ్ల కూడా వేసుకునేది. రెండు రోజులు వాంతులై ఏమీ తినలేదు. మూడోనాడు మనుషుల్ని గుర్తుపట్టలేదు, లేని పశువుల్ని తోలుతోంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఒక రోజు పోగొట్టుకున్నాం. ఆసుపత్రిలో రక్తం చూస్తే సోడియం 114. ఉండాల్సింది 135 నుంచి 145. పొటాషియం అయితే మూడున్నర నుంచి ఐదు.

బాటిల్ చుక్క చుక్క పడుతుంటే నాకు ఓపిక ఆగక చక్రం తిప్పబోయాను. డ్యూటీ సిస్టరమ్మ చెయ్యి పట్టి ఆపింది. “అన్నా, సోడియం రోజుకు ఎనిమిది, పదికి మించి పెంచొద్దు. తొందరపడితే మెదడు దెబ్బతింటది” అన్నది. నాలుగు రోజులకు మేనత్త నన్ను పేరు పెట్టి పిలిచింది. పక్కనున్నవారు చెయ్యాల్సింది వేరే ఉంది. ఎన్ని గిలాసలు తాగింది, మూత్రం ఎంత పోసింది ఒక కాగితం మీద రాయాలి. మూత్రం కొలిచే డబ్బా సిస్టర్‌ను అడగాలి. సూది దగ్గర వాచినా, ఆయాసం వచ్చినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే పిలవాలి. వాడే బిళ్లలన్నీ చూపాలి. బీపీ బిళ్ల సొంతంగా మానేయకూడదు.

ఇంటి దగ్గరైతే నాలుక ఎండటం, కళ్లు లోతుకు పోవడం, కడుపు మీది చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకోవడం చూడాలి. ఆరు గంటలు మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఉప్పు నీళ్లు, కొబ్బరినీళ్లు డాక్టరును అడగకుండా తాగవద్దు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పాడైన మనిషి ఒంట్లో నుంచి అది బయటకు పోదు.

వడదెబ్బనా, మందు దెబ్బనా

2015 మే నెల ఎండలకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వారే. ఒళ్లు కాలుతూ మాట తేడా వచ్చిందంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు చల్లి విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అయితే పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి చెమటలు, వాంతులతో పాటు నోట్లో చొంగ కారుతూ, కంటిపాప సూది మొనంత చిన్నదైతే అది వడదెబ్బ కాదు. బట్టలు విప్పించి, ఒంటిని సబ్బు నీళ్లతో కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వెంట ఆ మందు డబ్బా తప్పక పట్టుకుపోవాలి. డాక్టరు విరుగుడు ఇచ్చేది దాని మీది పేరు చూసే.