తేనె - లాటిన్ మాటలు

ప్రాచీన రోమనుల వంటలో చక్కెర లేదు. పిండివంటలకు, ద్రాక్షాసవానికి, ఔషధాలకు తీపినిచ్చింది ప్రధానంగా తేనెయే. అందువల్ల వారి భాష అయిన లాటిన్‌లో తేనెకు సంబంధించిన పదజాలం సమృద్ధిగా ఏర్పడింది. తేనెను 'మెల్' అన్నారు. తేనెటీగ 'ఆపిస్', తేనెపట్టు 'ఫావుస్', మైనం 'కేర', తేనె కలిపిన ద్రాక్షాసవం 'ముల్సుమ్'. తేనె తీయడం 'మెల్లాతియో'. తేనెటీగలను పెంచేవాడు 'మెల్లారియుస్'.

క్రీ.పూ. 37లో వర్రో అనే పండితుడు వ్యవసాయంపై ఒక గ్రంథం రచించాడు. చెట్టు బెరడుతో, అల్లిన పుల్లలతో, మట్టితో ఈగలకు గూళ్ళు కట్టే పద్ధతులను అందులో వివరించాడు. చలికీ ఎండకూ త్వరగా లోనవుతుంది కనుక మట్టిగూడు అధమమన్నాడు. పట్టులో తొమ్మిది పాళ్ళు తీసుకొని పదవ పాలు ఈగలకు విడిచిపెట్టాలనీ, అంతా తీస్తే అవి గూడు వదలిపోతాయనీ కొందరు చెప్పే మాటను కూడా పేర్కొన్నాడు.

గూటి నుండి వెలువడే ఈగల గుంపు పేరు 'ఎక్సామెన్'. 'వెలికి తోలు' అనే అర్థంగల క్రియ నుండి ఈ మాట పుట్టింది. త్రాసు ముల్లుకు కూడా ఇదే పేరు. తూచడం క్రమంగా పరిశీలించడమైంది. విద్యార్థులను కలవరపెట్టే 'ఎగ్జామినేషన్' అనే మాటకు మూలం ఇదే.

మాటలు జ్ఞానాన్నే కాదు, అపోహలను కూడా నిలిపి ఉంచుతాయి. గూటిలోని పెద్ద ఈగను రోమనులు 'రేక్స్', అనగా రాజు అన్నారు. 17వ శతాబ్దంలో డచ్చి శాస్త్రజ్ఞుడు యాన్ స్వామ్మర్‌డామ్ ఆ ఈగను కోసి, సూక్ష్మదర్శినితో పరిశీలించి, దానిలో అండాశయాలున్నాయని చూపాడు. రాజు అనుకున్నది నిజానికి రాణి.

1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తేనెటీగకు 'ఆపిస్ మెల్లిఫెర' అని నామకరణం చేశాడు. తేనెను మోసుకొని వచ్చేది అని దాని అర్థం. కాని ఈగ పూల నుండి తెచ్చేది మకరందం. ఈగల శరీరంలోని ఎంజైముల వల్ల అది మార్పు చెంది, గూటిలో నీరు ఇంకి, తేనెగా చిక్కబడుతుంది. అందువల్ల లిన్నేయస్ 1761లో 'మెల్లిఫిక', అనగా తేనెను తయారుచేసేది అని పేరు మార్చాడు. అయితే జంతువుల నామకరణంలో మొదట పెట్టిన పేరుకే ప్రాధాన్యం. ఆ నియమం వల్ల నేటికీ 'మెల్లిఫెర'యే చెల్లుతున్నది. పేరు పాతదే నిలిచినా, దాని వెనుక నిజాన్ని పరిశీలన వెలికి తెచ్చింది.