సున్నాకీ ఒకటికీ మధ్య గెంతులు

భిన్నం అంటే చాలామంది పిల్లల దృష్టిలో అడ్డగీతకు పైన ఒక అంకె, కింద ఒక అంకె. ఆ రెండూ కలిసి ఒకే సంఖ్యను చెబుతున్నాయన్న ఎరుక కలగనంత కాలం భిన్నాల లెక్కలన్నీ బట్టీ పట్టిన పద్ధతులుగానే మిగిలిపోతాయి. 1978లో అమెరికా జాతీయ స్థాయి పరీక్షలో పదమూడేళ్ల పిల్లలను 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత అని అడిగారు. ఎంచుకోవడానికి 1, 2, 19, 21 అనే జవాబులు ఇచ్చారు. రెండు భిన్నాలూ ఇంచుమించు ఒకటే కాబట్టి మొత్తం 2కు దగ్గరగా ఉంటుంది. ఈ సంగతి 24 శాతం మందికే తట్టింది. సగానికి పైగా పిల్లలు 19నో 21నో ఎంచుకున్నారు. అంటే లవాలు రెండూ కూడేశారు, లేదా హారాలు రెండూ కూడేశారు. 2014లో పరిశోధకులు అదే ప్రశ్నను ఎనిమిదో తరగతి పిల్లలకు ఇస్తే సరిగా చెప్పినవాళ్లు 27 శాతం.

ఈ తప్పు తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు. మూడేళ్లో నాలుగేళ్లో పూర్ణాంకాలతో గడిపిన పిల్లలు అక్కడ నేర్చుకున్నదాన్నే ఇక్కడా వాడతారు. 6 కన్నా 8 పెద్దది, కాబట్టి 1/6 కన్నా 1/8 పెద్దదే అయ్యుండాలి అనుకుంటారు. గుణిస్తే సంఖ్య పెరగాలి, భాగిస్తే తగ్గాలి అనుకుంటారు. భిన్నాల దగ్గర ఇవేవీ నిలవవు. అక్కడ పడిన గండి చాలా దూరం వెంటాడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలు పరిశీలించింది. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చో చూస్తే, పదహారేళ్లకు బీజగణితంలోనూ మొత్తం గణితంలోనూ ఎలా రాణిస్తారో చాలావరకు తెలుస్తోందని తేలింది. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, పిల్లల తెలివితేటలు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఈ సంబంధం చెదరలేదు.

పాఠ్యపుస్తకాల్లో భిన్నం సాధారణంగా కోసిన రొట్టెతోనో రంగు వేసిన వృత్తంతోనో మొదలవుతుంది. మొదలుపెట్టడానికి అది మంచిదే. అయితే నాలుగు ముక్కలు చేసిన రొట్టెలోంచి ఐదు ముక్కలు తీయమంటే పిల్లలు తెల్లబోతారు. 5/4 వాళ్లకు అర్థం లేని రాతగా కనిపిస్తుంది. సంఖ్యారేఖ మీద ఆ ఇబ్బంది లేదు. పావు చొప్పున నాలుగు అడుగులు వేస్తే 1 వస్తుంది, ఐదో అడుగు దాన్ని దాటుతుంది. అమెరికా విద్యాశాఖకు చెందిన విద్యా విజ్ఞాన సంస్థ 2010లో ఉపాధ్యాయుల కోసం వెలువరించిన భిన్నాల బోధన మార్గదర్శిని కూడా సంఖ్యారేఖకే పెద్దపీట వేసింది. ఆ రేఖను నల్లబల్ల మీంచి బడి ఆవరణలోకి దించి, పిల్లలు నడిచేంత, గెంతేంత పొడవున గీయడమే కదలికల ఆటలకు మూలం.

అన్నిటికన్నా తేలికైనది తాడు ఆట. నాలుగు మీటర్ల తాడు తీసుకుని ఒక కొనను సున్నా, రెండో కొనను ఒకటి అనాలి. పిల్లలే దాన్ని రెండు మడతలు పెట్టి మధ్యన రంగు దారం కడతారు. మళ్లీ మడిస్తే పావులు, మళ్లీ మడిస్తే ఎనిమిదో వంతులు, ఇంకోసారి మడిస్తే పదహారో వంతులు వస్తాయి. 1957 వరకు రూపాయికి పదహారు అణాలు లెక్కపెట్టిన తాతయ్యలకు ఈ మడతలు కొత్తేమీ కాదు. తాడును ముగ్గురు సాగదీసి మూడు సమాన మడతలు చేయడం మాత్రం అంత సులువు కాదు. ఆ తంటా పడనివ్వాలి, ఎందుకంటే సమాన భాగాలు అన్న మాటకు బరువు అక్కడే తెలుస్తుంది.

తాడు నేల మీద పరిచాక ఆట మొదలవుతుంది. టీచర్ ఒక పిల్లకు 3/4 అని రాసిన చీటీ, ఇంకో పిల్లవాడికి 6/8 అని రాసిన చీటీ ఇస్తారు. ఇద్దరూ సున్నా దగ్గర బయల్దేరతారు. ఒకరు మూడు పెద్ద అంగలు, మరొకరు ఆరు చిన్న అంగలు వేసి ఒకే దారం దగ్గరికి చేరి ఒకరినొకరు తోసుకుంటారు. నిలబడటానికి అక్కడ ఉన్నది ఒక్క చోటే. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే సమాన భిన్నం వస్తుందన్న సూత్రాన్ని ఆ తర్వాత బల్ల మీద రాస్తే, అప్పటికే తెలిసిన సంగతికి పేరు పెట్టినట్టే అవుతుంది.

ఈ ఆటలో తరచూ ఒక పొరపాటు ఎదురవుతుంది. కొందరు పిల్లలు దారాలను లెక్కపెడతారు కానీ వాటి మధ్య దూరాలను లెక్కపెట్టరు. సున్నా దగ్గర ఉన్న దారాన్నే ‘ఒకటి’ అని మొదలుపెట్టి, పావు దగ్గరికి వచ్చేసరికి ‘రెండు’ అంటారు. దిద్దడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. సున్నా దగ్గర ఇంకా కదలకుండా నిలబడ్డ పిల్లను ‘ఎంత దూరం నడిచావమ్మా’ అని అడిగితే చాలు. లెక్కపెట్టాల్సింది అంగలను అని ఆ ప్రశ్నతోనే తేలిపోతుంది.

తాళ్లు రెండు ఉంటే ఇంకో మెలిక చూపవచ్చు. ఒకటి రెండు మీటర్లది, ఇంకోటి నాలుగు మీటర్లది. పొట్టి తాడు మీద సగం నడిచినవాడు ఒక మీటరు వెళతాడు. పొడుగు తాడు మీద మూడో వంతు నడిచినవాడు అంతకన్నా ముందుంటాడు. సగం కన్నా మూడో వంతు పెద్దదైపోయిందా అని తరగతి గోల పెడుతుంది. దేనిలో సగం, దేనిలో మూడో వంతు అన్న ప్రశ్న పిల్లల నోటి నుంచే వచ్చేదాకా టీచర్ ఓపిక పట్టాలి.

కూడికకు గెంతుడు బాట కావాలి. తొక్కుడుబిళ్ల గడులు గీసే చేతులకు ఇది క్షణాల పని. ముగ్గుపిండితో నేల మీద 20 సెంటీమీటర్ల గడులు వరుసగా 12 గీస్తే సున్నా నుంచి ఒకటి వరకు 2.4 మీటర్ల బాట అవుతుంది. అరకు 1.2 మీటర్లు, మూడో వంతుకు 80 సెంటీమీటర్లు, పావుకు 60 సెంటీమీటర్లు గెంతాలి. తొమ్మిది, పదేళ్ల పిల్లలు గెంతగలిగిన దూరాలే ఇవి. మరో 12 గడులు కలిపితే రెండు వరకు వెళ్లవచ్చు.

ఇప్పుడు 1/2కు 1/3 కలపాలి. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేవాళ్లు 2/5 అని చెబుతారు. వాళ్లనే గెంతమనాలి. మొదటి గెంతుకు ఆరో గడి చివర దిగుతారు. 2/5 అంటే బాటలో ఐదో గడి కూడా నిండని చోటు. ముందుకు ఒక గెంతు గెంతి, మళ్లీ ముందుకే ఇంకో గెంతు గెంతితే వెనక్కి ఎలా వస్తాం? కాగితం మీద 2/5 తప్పని నమ్మించడానికి టీచర్ అధికారం కావాలి. బాట మీద ఆ జవాబుకు చోటే దొరకదు. రెండో గెంతుకు నాలుగు గడులు దాటి పదో గడి చివర దిగిన పిల్ల 10/12 అని చదువుతుంది. గడులను జతలుగా చూస్తే ఆరు జతల్లో ఐదు, అంటే 5/6.

గడులు పన్నెండే ఎందుకు అన్న ప్రశ్న కూడా ఆటలోంచే పుట్టాలి. 1/5 గెంతమంటే పాదం గడి మధ్యలో పడుతుంది, ఎంతో చదవడం కుదరదు. అరకూ ఐదో వంతుకూ కలిపి నప్పాలంటే పది గడుల బాట గీసుకోవాలి. క.సా.గు. అనే మూడక్షరాల బెడద వెనక ఉన్న అవసరం ఇదే. రెండు రకాల గెంతులూ గీత మీదే దిగేలా బాట గీయడానికే అది కావాలి.

భాగహారం దగ్గర ఈ బాట విలువ ఇంకా పెరుగుతుంది. గణిత విద్యా పరిశోధకురాలు లీపింగ్ మా 1999లో ప్రచురించిన పుస్తకంలో అమెరికా, చైనా ప్రాథమిక ఉపాధ్యాయులను పోల్చారు. ఒకటీ ముప్పావును సగంతో భాగించమని, ఆ లెక్కకు సరిపోయే ఒక కథ చెప్పమని అడిగారు. 23 మంది అమెరికా టీచర్లలో పూర్తిగా సరైన జవాబు తెచ్చినవాళ్లు తొమ్మిది మంది, సరైన కథ చెప్పింది ఒక్కరే. చైనాలో 72 మందీ లెక్క సరిగా చేశారు. తడబడ్డవాళ్లలో ఎక్కువమంది సగంతో భాగించడాన్ని సగం చేయడంగా పొరబడ్డారు. బాట మీద ఈ రెంటికీ పోలికే లేదు. సగం చేయడమంటే దారి మధ్యలో ఆగిపోవడం. సగంతో భాగించడమంటే అర గెంతులు ఎన్ని పడతాయో చూడటం. ఒకటీ ముప్పావు దగ్గర జెండా పాతి గెంతిస్తే మూడు గెంతులకు ఒకటిన్నర వస్తుంది. ఇంకా పావు మిగులుతుంది. దాంతో జవాబు మూడూ పావు అంటారు పిల్లలు. మిగిలిన దూరం పావే, కానీ లెక్కపెడుతున్నది గెంతులను. ఆ పావు దూరం ఒక గెంతులో సగం కాబట్టి జవాబు మూడున్నర. వ్యుత్క్రమంతో గుణించమనే సూత్రం ఈ తేడాను ఎప్పటికీ బయటపెట్టదు.

భిన్నం ఒక గుంపులో భాగం కూడా. దీనికి పరుగు చాలు. 24 మంది ఉంటే, నాలుగో వంతు మంది చెట్టు కిందికి అనగానే ఆరుగురు పరుగెత్తాలి. మిగిలిన 18 మందిలో మూడో వంతు మంది గోడ దగ్గరికి, ఆపైన మిగిలినవారిలో సగం మంది అరుగు మీదికి. మూడుసార్లూ వెళ్లింది ఆరుగురే, భిన్నం మాత్రం మూడుసార్లూ మారింది. మర్నాడు ఒకరు బడికి రాకపోతే నాలుగో వంతు కుదరక పిల్లలే తల పట్టుకుంటారు, అది ఇంకో పాఠం.

కదలికతో గణితం నేర్పడం గురించిన పరిశోధనలు ఆశ కలిగిస్తాయి, కొన్ని హద్దులనూ చూపిస్తాయి. జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు 2011లో డాన్స్ మ్యాట్ మీద కుడికో ఎడమకో అడుగు వేసి సంఖ్యలను పోల్చే శిక్షణ చిన్నపిల్లలకు ఇచ్చారు. 2013లో ఒకటో తరగతి పిల్లలను నేల మీద పరిచిన సంఖ్యారేఖపై నడిపించారు. ఇవి రెండూ పూర్ణాంకాల మీద జరిగినవే. సంఖ్యను ఒక దూరం అని గ్రహించడానికి ఒళ్లు సాయపడుతుందని వీటివల్ల తెలుస్తోంది. నెదర్లాండ్స్‌లో 499 మంది పిల్లల్లో ఒక గుంపుకు వారానికి మూడుసార్లు చొప్పున రెండేళ్లు కదలికల పాఠాలు నడిపి, మిగిలినవాళ్లతో పోల్చి 2016లో ఫలితాలు ప్రకటించారు. కదలికల పాఠాలు అందుకున్న పిల్లలు గణితంలో, అక్షరక్రమంలో సుమారు నాలుగు నెలలు ముందున్నారు, చదవడంలో మాత్రం తేడా రాలేదు. అదే ఏడాది డెన్మార్క్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లలతో ఆరు వారాలు చేసిన ప్రయోగంలో, ఒళ్లంతా కదిలించి నేర్చుకున్నవాళ్లు ముందుకెళ్లారు. కానీ గణితంలో బాగా వెనకబడ్డ పిల్లలకు ఆ లాభం అందలేదు. ఈ చివరి సంగతిని గట్టిగా గుర్తుంచుకోవాలి. గుంపులో గెంతుతున్న పిల్లలందరూ నేర్చుకుంటున్నారని అనుకోవడానికి లేదు.

అందుకే ఆట నడిపే తీరు ముఖ్యం. తప్పు చెప్పినవారిని అవుట్ చేసే పద్ధతి భిన్నాల ఆటకు పనికిరాదు. సాధన ఎక్కువ కావాల్సిన పిల్లే ముందుగా పక్కన కూర్చుంటుంది. వేగానికి బహుమతి పెట్టకూడదు. గెంతే ముందు ప్రతి ఒక్కరూ తాము దిగబోయే చోట బిళ్ల విసరాలి. ఆ ఊహకూ గెంతుకూ మధ్య తేడాలోనే టీచర్‌కు కావాల్సిన సమాచారం దొరుకుతుంది. గెంతలేని పిల్లలు తాడు మీద గుర్తు జరపవచ్చు, చక్రాల కుర్చీలో బాట వెంట సాగవచ్చు. ఆట నియమం గెంతు కాదు, దూరం. అలాగే కదలికకు లెక్కతో పొత్తు ఉండాలి. మైదానం చుట్టూ పరుగెత్తి వచ్చి భిన్నాల కూడిక చేస్తే ఒంటికి హుషారు రావచ్చు గానీ ఆ పరుగు భిన్నం గురించి ఏమీ చెప్పదు.

మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో నేర్చుకోవడానికి మూడు దారులు చెప్పాడు. చేతలతో, బొమ్మతో, గుర్తులతో. గెంతు మొదటిదే. ఆవరణలోంచి తిరిగి వచ్చాక అదే పీరియడులో పిల్లలు తాము గెంతిన బాటను నోటుపుస్తకంలో గీయాలి, దిగిన చోట్లు గుర్తించాలి, పక్కన భిన్నాలతో లెక్క రాయాలి. రెండో మెట్టు వదిలేస్తే ఆట ఒక జ్ఞాపకంగా మిగులుతుంది, లెక్క ఎప్పటిలాగే బట్టీ అవుతుంది. కొన్నాళ్లకు బాట లేకుండా, సున్నా, రెండు మాత్రమే గుర్తించిన ఖాళీ గీత ఇచ్చి దాని మీద 3/4 చూపమనాలి. ఒకటికి కాస్త ముందే గుర్తు పెట్టినవారికి భిన్నం సంఖ్యగా కుదిరినట్టే. కొందరు మొత్తం గీతనే నాలుగు చేసి మూడో భాగం చివర, అంటే ఒకటిన్నర దగ్గర, పెడతారు. ఒకటి ఎక్కడుందో వాళ్లు ఇంకా వెతకలేదు. వాళ్లతో మళ్లీ తాడు దగ్గరికి వెళ్లి, ఈసారి రెండు తాళ్లు కొసకు కొస కలిపి పరచాలి.