మెట్టపొలముల కౌజులు

బొబ్బిలి ప్రాంతపు మెట్టగట్లపై గాని, పాలకొండ నుండి సీతంపేట పోవు బాట ప్రక్క గాని తెల్లవాఱుజామున నిలుచున్న వారికి తెగి తెగి వినవచ్చు గట్టి కూత కౌజుపిట్టది. ఒకటి కూయగానే నలుదెసల నుండి మగపిట్టలు బదులు పలుకును. నేడు బజారులో కౌజుపిట్ట యని పెంపకపు సాలలనుండి తెచ్చి యమ్మునది నిజమునకు కౌజు కాదు. అది జపాను దేశపు పూరేడు. పేరు పిట్టను విడిచి పోయినది. పిట్ట పొలమును విడిచి పోకుండుటకు వలయు సాధనములను విచారింతము.

మెట్టపొలములలో కౌజు, పూరేడు, కొండవాలులలో అడవికోడి. గోదావరికి ఉత్తరమున నుండునది స్థూలముగా ఎఱ్ఱ అడవికోడి. దక్షిణమున నుండునది బూడిదవన్నెది. మన యిండ్ల కోళ్ళకు మూలజాతి యా ఎఱ్ఱనిదే. ఇవి యన్నియు నేలమీదనే గ్రుడ్లు పెట్టును. కావున నేలకు జరిగిన మేలును గీడును వీనికి వెంటనే తగులును.

గ్రుడ్డు వెడలిన కౌజుపిల్ల యా దినముననే తల్లి వెంట బరుగిడును. కాని మొదటి కొన్ని వారములు గింజలు దానికి జాలవు. చెదలు, చీమలు, చిన్న మిడుతలు కావలెను. ఇంగ్లండులో ససెక్సు మెట్టలయందు పాట్సు అను శాస్త్రజ్ఞుడు 1968 మొదలు అచ్చటి కౌజులను పరిశీలించెను. కలుపును జంపు మందులు చల్లిన చేలలో కలుపుతోపాటు పురుగులును దగ్గెను; పురుగులు లేక పిల్లలు చచ్చెను. ఎవ్వరును తుపాకి పేల్చకయే పిట్టలు క్షీణించెనన్న మాట. మన చోడిచేనికిని, నువ్వుచేనికిని ఈ సంగతి వర్తింపదని చెప్పుటకు నాకు కారణము కానరాదు.

పిమ్మట పొద. రేగు, పరికి, బలుసు మొదలగు ముండ్లపొదలు గట్టున నున్నచో పిట్టకు గూడును, డేగనుండి దాగుటకు దావును గల్గును. జీడితోటలలో చెట్టు క్రింద చీపురుతో నూడ్చినట్లు బాగుచేయుదురు. అట్టి తోట పచ్చగా నున్నను కౌజునకు ఎడారియే. పొదలో పాము లుండునని రైతు భయపడుట నిజమే. కళ్ళముకడ, ఇంటికడ నఱకవచ్చును. దూరపు గట్టున నొక వరుస విడిచినను జాలును.

కొండలలో చిక్కు వేఱు. సవరలు, జాతాపులు చేయు పోడును గూర్చి తొందరపడి నిందింపరాదు. నఱికిన చోటు పెక్కేండ్లు బీడు విడిచినచో తిరిగి మొలచు పొదలలో అడవికోడి చక్కగా మేయును. బీడుకాలము తగ్గినప్పుడే కొండ బోడియగును. నిప్పు పెట్టు వేసవియే కోడి పొదుగు కాలము గూడ; గడ్డిని ఊరక కాల్చు అలవాటు ఇందుచేతనే మిక్కిలి హానికరము.

ఇక పట్టుట. పంజరములో దీమపుపిట్టను గూయించి, దానితో పోరాడవచ్చిన మగపిట్టను ఉచ్చులలో దగిలించుట పాత పద్ధతి. కౌజు ఆరేడు గ్రుడ్లు పెట్టినను ఏడాది నిండువఱకు బ్రతుకునవి కొన్నియే. కావున పొదుగునప్పుడు తల్లిని బట్టినచో ఆ సంసారమే పోవును. కొన్ని దేశములలో ఏటేట లెక్కించి, మిగులుబడిని మాత్రమే వేటాడనిత్తురు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పట్టుటయు జంపుటయు నేరము. కనుక మనచేతిలో నున్నది నేలను బాగుగా నుంచుటయే.

లెక్కించుట బాలురకును సాధ్యము. ప్రతి సంవత్సరము ఒకే మాసమున, ఒకే గట్టుపై, సూర్యోదయమునకు ముందు నిలిచి, పావుగంటలో ఎన్ని వేఱువేఱు తావులనుండి కూత వచ్చెనో దిక్కుతోసహా వ్రాసికొనవలెను. గాలి హోరుగా వీచు దినమున లెక్క పెట్టరాదు. పొద నఱికిన గట్టునకును, విడిచిన గట్టునకును వేఱువేఱు పుటలుండవలెను.