ఢీకొనకుండానే శక్తి మార్పిడి

గదిలోని గాలిలో ఒక్కో అణువు సెకనుకు కొన్ని వందల కోట్లసార్లు పొరుగు అణువులను ఢీకొంటుంది గనుక, అక్కడ పుట్టిన శబ్దతరంగం ఆ అభిఘాతాల ద్వారానే శక్తిని పోగొట్టుకుని వేడిగా మారుతుంది. ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వాయుస్థితిని ప్లాస్మా అంటారు. సౌరపవనం అటువంటి ప్లాస్మాయే. భూకక్ష్య దగ్గర ఘన సెంటీమీటరుకు సుమారు 5 ప్రోటాన్లే ఉండే ఈ పవనంలో ఒక కణం సూర్యుడి నుంచి 15 కోట్ల కిలోమీటర్లు ప్రయాణించేలోగా ఒక్కసారి ఢీకొంటే గొప్ప. అయినా అక్కడ తరంగాలు అణగిపోతూనే ఉంటాయి, కణాలు వేడెక్కుతూనే ఉంటాయి.

1938లో అనతోలీ వ్లాసోవ్ అభిఘాతాలను పూర్తిగా విడిచిపెట్టి, కణాలన్నీ కలిసి ఏర్పరచే విద్యుత్ క్షేత్రమే వాటిని నడిపిస్తుందనే సమీకరణాన్ని ప్రతిపాదించగా, 1946లో లెవ్ లాండౌ దాన్నే మరింత జాగ్రత్తగా సాధించి, తరంగం క్షీణించక తప్పదని చూపాడు. కాలం వెనక్కి నడిచినా చెల్లే సమీకరణం నుంచి క్షీణత ఎలా పుట్టిందన్నది న్యాయమైన సందేహమే.

సమాధానం కణాల వేగాల్లో ఉంది. తరంగం కంటే బాగా వేగంగానో నెమ్మదిగానో పోయే ఎలక్ట్రాన్‌ను తరంగపు విద్యుత్ క్షేత్రం ఒక క్షణం ముందుకూ మరుక్షణం వెనక్కూ నెడుతుంది కాబట్టి చివరికి మిగిలేది దాదాపు శూన్యం. కదిలే బస్సు ఎక్కాలంటే ఇంచుమించు దాని వేగంతో పరుగెత్తాల్సినట్లే, తరంగవేగానికి దగ్గరి వేగం గల ఎలక్ట్రాన్ మాత్రమే తరంగంలోని ఒకే భాగం పక్కన చాలాసేపు నిలిచి, ఒకే దిశలో తోపుకు లోనవుతుంది. వీటిలో కాస్త నెమ్మదైనవి సగటున శక్తిని తీసుకుంటాయి, కాస్త వేగమైనవి ఇస్తాయి. ఉష్ణ సమతాస్థితిలో వేగం పెరిగేకొద్దీ కణాల సంఖ్య తగ్గుతుంది గనుక పుచ్చుకునేవే ఎక్కువై తరంగం నష్టపోతుంది. సూర్యుడి మీది విస్ఫోటం నుంచి వేగవంతమైన ఎలక్ట్రాన్ల పుంజం దూసుకొచ్చినప్పుడు ఈ లెక్క తారుమారై, తరంగాలే బలపడి, రేడియో ఉద్గారాలకు దారితీస్తాయి.

1964లో అమెరికాలో జాన్ మాల్మ్‌బర్గ్, చార్లెస్ వార్టన్‌లు పొడవైన ప్లాస్మా స్తంభంలో ఒకచోట తరంగాన్ని పుట్టించి, మరో గ్రాహక తీగను స్తంభం పొడవునా జరుపుతూ కొలిచినప్పుడు క్షీణత లాండౌ సిద్ధాంతంతో సరిపోయింది. అంతకంటే విశేషమైనది 1968 నాటి ప్రయోగం. ఒకచోట ఒక తరంగాన్ని, కొంత దూరంలో వేరే పౌనఃపున్యం గల మరో తరంగాన్ని పుట్టించగా, రెండూ అణగిపోయిన తరువాత ఇంకా ముందుకు వెళ్ళిన చోట మూడో తరంగం దానంతటదే పైకి లేచింది. దీన్నే ప్లాస్మా ప్రతిధ్వని అంటారు. విద్యుత్ క్షేత్రం నుంచి తరంగం మాయమైనా దాని గుర్తు కణాల వేగాల్లో సన్నని చారలుగా మిగిలే ఉంటుందని, సందేహానికి జవాబు అదేనని ఇది తేల్చింది.

అయితే లాండౌ లెక్క అతి చిన్న అలజడులకు సరళీకరించినది. పూర్తి సమీకరణంలో ఈ ప్రతిధ్వనులే పోగుపడి తరంగాన్ని మళ్ళీ లేపవచ్చు. అలజడి తగినంత చిన్నదీ నునుపైనదీ అయితే ప్రతిధ్వనులు పుట్టినా క్షీణతను అడ్డుకోలేవని క్లెమాన్ మూవో, సెడ్రిక్ విల్లానీ నిరూపించారు. విల్లానీకి 2010 ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఫీల్డ్స్ పతకం లభించినప్పుడు ప్రశంసాపత్రంలో పేర్కొన్న కృషిలో ఈ నిరూపణ ఒకటి.