పాత మీడియా సర్వర్‌కు మరమ్మతు: అపోహలు – వాస్తవాలు

సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు, ఫొటోలు ఒకేచోట దాచి, ఇంట్లోని టీవీకీ ఫోన్లకూ నెట్‌వర్క్ మీదుగా అందించే కంప్యూటరే మీడియా సర్వర్. చాలా ఇళ్లలో అది వాడకం తగ్గి మూలన పెట్టిన డెస్క్‌టాప్. అందులో జెల్లీఫిన్, ప్లెక్స్, ఎంబీ అనే సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి నడుస్తుంటుంది. కొన్నేళ్లు గడిచేసరికి సినిమా మధ్యలో ఆగుతుంది, డిస్కు నిండుతుంది, ఫ్యాను మోత పెరుగుతుంది. అసలు చిక్కు ఎక్కడుందో తేల్చుకోకుండా విడిభాగాలు కొంటే డబ్బు పోతుంది కానీ ఇబ్బంది పోదు.

అపోహ: సినిమా ఆగి ఆగి వస్తోందంటే ప్రాసెసర్ పాతబడినట్టే.

వాస్తవం: ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందో దాన్ని టీవీ నేరుగా చదవగలిగితే, సర్వర్ ఆ ఫైలును డిస్కు నుంచి తీసి పంపితే చాలు. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు. పదేళ్లు దాటిన ప్రాసెసర్‌కైనా ఇది బరువు కాదు. టీవీ చదవలేకపోతే సర్వర్ ఆ వీడియోను అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చాలి. అది ట్రాన్స్‌కోడింగ్, ప్రాసెసర్‌కు చెమటలు పట్టేది అక్కడే.

2012 నాటి ఐ5-3470 ఉన్న సర్వర్‌ను చూద్దాం. 10 బిట్ హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో ఉన్న 4కె సినిమాను కొత్త టీవీలో పెడితే సర్వర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. అదే సినిమాను పాత ఫుల్ హెచ్‌డీ టీవీలో పెడితే నాలుగు కోర్లూ నూరు శాతానికి చేరతాయి, బొమ్మ తడబడుతుంది. ఈ తేడా సర్వర్ సాఫ్ట్‌వేర్ డ్యాష్‌బోర్డులోనే తెలుస్తుంది: సినిమా పేరు దగ్గర డైరెక్ట్ ప్లేనో ట్రాన్స్‌కోడో రాసి ఉంటుంది, జెల్లీఫిన్ అయితే కారణం కూడా చెబుతుంది. ఒక్కోసారి ఆ కారణం సబ్‌టైటిళ్లే. బ్లూరేలోని సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని చూపలేని టీవీ కోసం సర్వర్ ప్రతి ఫ్రేము మీదా వాటిని అద్దాల్సి వస్తుంది. బదులుగా అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు పెడితే పైసా ఖర్చు లేకుండా పని జరగొచ్చు. టీవీకే ఫార్మాట్ చదవడం రాకపోతే, సర్వర్ మార్చడం కన్నా టీవీకి ఓ స్ట్రీమింగ్ స్టిక్ తగిలించడం చవక.

అపోహ: ట్రాన్స్‌కోడింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు.

వాస్తవం: ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో మార్పిడికే కేటాయించిన క్విక్ సింక్ అనే విభాగం 2011 నుంచి వస్తోంది. అయితే అన్ని తరాలూ ఒకటి కాదు. 10 బిట్ హెచ్‌ఈవీసీని పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే మార్చే శక్తి ఏడో తరంతో వచ్చింది. ఏవీ1 అనే మరో వీడియో ఫార్మాట్‌ను చదవడం పదకొండో తరంతో మొదలైంది. కాబట్టి ఆఫీసులు వదిలించుకున్న ఎనిమిదో తరం మినీ పీసీ తక్కువ బడ్జెట్‌కు సరిగ్గా సరిపోతుంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో సెకండ్ హ్యాండ్ సరుకు చూసుకోవచ్చు. కొనేముందు రెండు సంగతులు గమనించాలి. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ విభాగం ఉండదు, కాబట్టి క్విక్ సింక్ కూడా ఉండదు. అరచేతి వెడల్పు మినీ పీసీలో 3.5 అంగుళాల డిస్కు పట్టదు. దాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి బయట తగిలించాలి. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్ జెల్లీఫిన్‌లో ఉచితం, ప్లెక్స్‌లో ప్లెక్స్ పాస్ కొనాలి.

అపోహ: ర్యామ్ పెంచి ఎస్‌ఎస్‌డీ వేస్తే సినిమా సాఫీగా నడుస్తుంది.

వాస్తవం: ఇంటి అవసరానికి మామూలుగా 8 జీబీ ర్యామ్ చాలు. 4కె బ్లూరే గరిష్ఠ వేగం సెకనుకు 128 మెగాబిట్లు, అంటే 16 మెగాబైట్లు. మామూలు హార్డ్ డిస్కు దానికి ఎన్నో రెట్ల వేగంతో చదవగలదు. ఎస్‌ఎస్‌డీ ఉపయోగపడేది ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, పోస్టర్లు, జాబితాలు ఉండే డేటాబేస్‌కూ. దానికి 256 జీబీ సరిపోతుంది. సినిమాలు హార్డ్ డిస్కు మీదే ఉండనివ్వవచ్చు.

అపోహ: 4కె కావాలంటే నెట్‌వర్క్ అంతా మార్చాలి.

వాస్తవం: ఒక్క గిగాబిట్ లైను మీద 4కె సినిమాలు నాలుగైదు ఒకేసారి వెళ్లగలవు. చిక్కు సాధారణంగా చివర్లో ఉంటుంది. చాలా టీవీల ఈథర్‌నెట్ పోర్టు 100 మెగాబిట్లకే పరిమితం. వాటికి మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై అంతకన్నా మేలు. కేబులునూ అనుమానించాలి. గిగాబిట్‌కు అందులోని ఎనిమిది తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు నాలుగు చాలు. క్రింపింగ్‌లో ఆ నాలుగూ కాని తీగ ఒకటి సరిగా తగలకపోతే లైను తెగదు, చడీచప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. చాలా స్విచ్‌లలో పోర్టు దగ్గరి లైటు రంగు చూసి దీన్ని పసిగట్టవచ్చు.

అపోహ: రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదు.

వాస్తవం: రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే రెయిడ్ 1, ఒక డిస్కు చెడినా సర్వర్ ఆగకుండా చూస్తుంది, అంతే. పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే అది రెండింటిలోనూ చెరిగిపోతుంది. పిడుగుపాటు, వైరస్, దొంగతనం రెండింటినీ కలిపే పట్టుకుపోతాయి. అన్నింటికీ బ్యాకప్ తీసే స్తోమత లేకపోతే, మళ్లీ దొరికే సినిమాలను వదిలేసి, మళ్లీ దొరకని పెళ్లి వీడియోలనూ ఫొటోలనూ ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, దాన్ని వేరే ఇంట్లో ఉంచాలి.

అపోహ: పరీక్షలో ‘పాస్’ వచ్చిన పాత డిస్కును నిశ్చింతగా వాడొచ్చు.

వాస్తవం: డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్కగట్టుకునే ఏర్పాటును స్మార్ట్ అంటారు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనిపించిన డిస్కు, అది లేని డిస్కులతో పోలిస్తే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. కానీ చెడిన డిస్కుల్లో 56 శాతానికి పైగా వాటిలో స్మార్ట్‌లోని నాలుగు ముఖ్య సూచికలూ సున్నా దగ్గరే ఉన్నాయి. అంటే స్మార్ట్ హెచ్చరిస్తే వెంటనే కదలాలి. హెచ్చరించలేదని మాత్రం ధీమా పనికిరాదు.

అపోహ: పాత డెస్క్‌టాప్ ఇంట్లోదే కాబట్టి ఖర్చు సున్నా.

వాస్తవం: 60 వాట్లు లాగే డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే ఏడాదికి సుమారు 525 యూనిట్లు కాలుస్తుంది. యూనిట్ 7 రూపాయలనుకుంటే దాదాపు 3,680 రూపాయలు. 15 వాట్ల మినీ పీసీకి అదే లెక్కన 920 అవుతుంది. మిగిలేది ఏటా 2,760. మినీ పీసీకి 9,000 పెడితే ఆ సొమ్ము తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. డైరెక్ట్ ప్లేతో గడిచిపోయే ఇంట్లో, పాత యంత్రాన్నే రోజుకు ఆరు గంటలు నడిపి మిగతా సమయం ఆపేస్తే, కరెంటు ఖర్చు అదే 920కి దిగుతుంది. కొత్తగా కొనాల్సింది ఏమీ ఉండదు.